వయొలిన్ ఆగే మూల

స్కేటింగ్ నేర్పే ఆ మంచు రింకులో చట్టమంటూ ఏదైనా ఉంటే అది ఒక్కటే. పాట ఎవరిదైతే దారి వాళ్ళది. మంచు మీద ఎంతమంది సాధన చేస్తున్నా సరే, స్పీకర్లలో ఎవరి పాట మోగుతోందో వాళ్ళకి మిగతావాళ్ళంతా తప్పుకోవాలి. మరి పాట ఎవరిదో అందరికీ తెలియొద్దూ? అందుకే ఒక ఎర్ర పట్టీ పెట్టారు. పాట మొదలయ్యే ముందు దాన్ని నడుముకి చుట్టుకోవాలి, అయిపోగానే విప్పి తరవాతివాళ్ళ చేతికివ్వాలి. పెద్ద సొగసైనదేం కాదు, కొసలు రెండూ ఒకదానికొకటి అంటుకునే బట్ట పట్టీ. ఎంతమంది చెమట తాగిందో గానీ ఎరుపంతా వెలిసి ఇటుక రంగుకి దిగింది. అయినా అది నడుముకున్నంతసేపూ నిన్నగాక మొన్న చేరిన పిల్లైనా మహారాణే. దేశమంతా పేరున్న ఆటగత్తెలు కూడా గోడకి అతుక్కుని దారివ్వాల్సిందే.

ఆ పట్టీని అందరికంటే ఎక్కువ కాలం కట్టిన నడుము పెద్దక్కది. రింకులో ఆమెని అందరూ పెద్దక్క అనే పిలిచేవారు. మంచు చదును చేసే బండి నడిపే పెద్దాయన, ఆమె పుట్టకముందు నుంచీ ఆ బండి మీదే ఉన్నవాడు, ఆయన కూడా పెద్దక్క అనేవాడంటే ఇక చూసుకోండి. వయసు ముప్పై దాటింది. బయటి లోకంలో ముప్పై ఒక వయసే కాదు. మంచు మీద మాత్రం ముసలితనం. ఆమెతో పాటు మొదలుపెట్టినవాళ్ళు స్కేట్లు ఎప్పుడో అటకెక్కించేశారు. కొందరు ఆదివారాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, గోడ పట్టుకుని ఓ రెండు చుట్లు తిరిగి, నువ్వింకా ఎలా చేస్తున్నావే తల్లీ అని మెచ్చుకుని పోయేవారు. మెచ్చుకోలులో జాలి కలిస్తే ఎలా ఉంటుందో పెద్దక్కకి బాగా తెలుసు.

ఎలా చేస్తోందన్నది సరే, ఎందుకు చేస్తోందో చెప్పాలి. నాలుగేళ్ళకోసారి ప్రపంచమంతా కళ్ళప్పగించి చూసే పెద్ద పోటీ ఒకటుంది. ఆడవాళ్ళ ఆటలో ఆమె దేశానికి ఒక్కటంటే ఒక్కటే చోటు. మొదటిసారి ఆ చోటు పెద్దక్కకే దక్కింది. కొలతలిచ్చి, వీపు మీద దేశం పేరున్న కోటు కుట్టించుకుంది. పెట్టె సర్దుకుంది. బయల్దేరబోయే ముందు చీలమండలో నరం తెగింది. రెండోసారి ఎంపిక పోటీలోనే పడిపోయింది. ఇది మూడోసారి. నాలుగోసారి ఉండదని ఆమె మోకాళ్ళకి కూడా తెలుసు. ఆ కోటు ఇప్పటికీ బీరువాలో ఉంది, ఒక్కసారైనా తొడగలేదు. పతకం కావాలని ఆమెకి ఆశ లేదు. అందరికంటే ఆఖరున వచ్చినా సరే, ఆ మంచు మీద నిలబడి తన పేరు చదవగా ఒక్కసారి వినాలి. అంతే కోరిక. కోరిక చిన్నదైతే పట్టు సడలుతుందనుకునేవాళ్ళకి మనుషుల సంగతి తెలియదు.

ఆమెకి ఆట నేర్పింది కన్నతల్లే. తల్లీకూతుళ్ళిద్దరే ఉండే ఇల్లు. ఇంట్లో ఆవిడ అమ్మ, ఈమె బుజ్జి. రింకు గుమ్మం దాటాక మాత్రం అమ్మా లేదు, బుజ్జీ లేదు. ఆవిడ మేడం, ఈమె పదిమందిలో ఒకతె. కూతుర్ని వెనకేసుకొస్తోందన్న మాట పడకూడదని ఆవిడే పెట్టిన నియమం అది. చిన్నప్పుడు ఒకసారి పడి గడ్డం చీరుకుపోయి "అమ్మా" అని ఏడిస్తే, మేడం గోడ దగ్గరే నిలబడి, లేచి మళ్ళీ మొదటి నుంచి చెయ్యమంది. సాయంత్రం ఇంటికెళ్ళాక ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆ గడ్డానికి మందు రాస్తూ ఆవిడే ఏడ్చింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ చెట్టుకి ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ అడగరు.

ఇక గువ్వ. చలికి తల భుజాల్లోకి దూర్చుకుని ముడుచుకుని నిలబడుతుంది గనక ఆ పేరొచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ ఎక్కే ముందు కూతుర్ని రింకు దగ్గర దింపి, పిల్ల స్కేట్లు కట్టుకునేదాకా అద్దం బయట నిలబడి, చెయ్యూపి పోయేవాడు. మంచు మీద అడుగు పెట్టేదాకానే అది గువ్వ. పెట్టిందంటే వేరే పక్షి. పెద్దక్క ఒళ్ళంతా కూడదీసుకుని, మనసులో లెక్క పెట్టుకుని చేసే గెంతులు అది పళ్ళు తోముకున్నంత తేలిగ్గా చేసేసేది. పడినా నవ్వుకుంటూ లేచేది. పడితే నవ్వు రావడమన్నది ఒక వయసు దాటాక ఉండదు.

అలా ఆ ఏడాది ఒక్క చోటు కోసం ఆ రింకులోనే ఇద్దరున్నారు. ఇద్దరికీ నేర్పేది ఆ తల్లే. మూడో మనిషి లెక్కలో లేదు.

ఒక సాయంత్రం అమ్మ వంటింట్లో కడిగిన గిన్నెలు తుడుస్తూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఆ వయొలిన్ పాట గువ్వకిద్దామనుకుంటున్నా. నువ్వెలాగూ దాన్ని వాడవుగా."

ఆ వయొలిన్ పాట మొదటిసారి ఎంపిక పోటీలో పెద్దక్కని గెలిపించిన పాట. పెద్ద పోటీలో చెయ్యాల్సి ఉండి చెయ్యలేకపోయిన పాట. చీలమండ నయమయ్యాక మళ్ళీ దాని జోలికి పోలేదు. దుకాణంలోనో లిఫ్టులోనో వినబడినా బయటికొచ్చేసేది. అదిప్పుడు గువ్వకట. అమ్మ ఇంకా చెబుతోంది. అడిగింది గువ్వేనట. చిన్నప్పుడు టీవీలో పెద్దక్క ఆ పాటకి చేస్తుంటే చూసి, అదే కావాలని అన్నం మానేసి ఏడిస్తే, వాళ్ళ నాన్న మొట్టమొదట రింకుకి తీసుకొచ్చాడట.

"ఇవ్వు, నాకెందుకది?" అంది పెద్దక్క.

వద్దనొచ్చు. వద్దంటే అమ్మ ఇచ్చేది కూడా కాదు. కానీ వద్దంటే అసూయ అనుకుంటారని భయం, ఇచ్చేస్తే ఇక నా పని అయిపోయిందని ఒప్పుకున్నట్టేనని కడుపుమంట. ఆ రెంటి మధ్యా పౌరుషం వచ్చి నోట్లోంచి ఆ మాట తోసేసింది. తన గదిలోకెళ్ళి పడుకున్నాక గానీ కళ్ళల్లో నీళ్ళు రాలేదు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేనా అమ్మా అని గోడవైపు తిరిగి అనుకుంది. అమ్మకి అంత ఆలోచన ఉందో లేదో చెప్పలేం. గోడకవతల ఆవిడకీ నిద్ర పట్టలేదు.

పాటతో ఆగితే బాగుండేది. మేడం పాత అడుగులు కూడా చాలా వరకు అలాగే ఉంచేసింది. బాగా కుదిరినదాన్ని చెడగొట్టడం దేనికంది. చేతులు మాత్రం పెద్దక్క దగ్గర నేర్చుకో అని గువ్వకి చెప్పింది. కాబట్టి పెద్దక్క తన సాధన పక్కన పెట్టి, తన పాత ఆటని తన ఎదుట నిలబడ్డ పిల్లకి ఒక్కొక్క చెయ్యే తొడగాల్సి వచ్చింది. గువ్వ ఆమె చెప్పిన ప్రతి మాటా నోరు తెరుచుకుని వినేది. ఆ వినడం చూస్తే ఎంత మంటలో ఉన్న మనిషికైనా కాస్త చల్లబడుతుంది. పెద్దక్క మనసు పెట్టే నేర్పింది. ఆ సంగతి ఎవరూ కాదనలేరు.

అందులో దూరపు మూల దగ్గర లట్జ్ అనే గెంతు ఒకటుంది. వీపు మూలవైపు పెట్టి, వెనక్కి వెనక్కి పొడుగ్గా జారుతూ పోయి, స్కేటు బ్లేడు ముందు పళ్ళు మంచులో గుచ్చి గాల్లోకి లేచి మూడు చుట్లు తిరగాలి. ఎక్కడికి పోతున్నదీ కనబడదు. ఆ పాటలో సరిగ్గా అక్కడే వయొలిన్ పైపైకి వెళ్ళి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగిన చోట గాల్లోకి లేవాలి. గువ్వ ఎప్పుడూ ఆ క్షణంలో భుజం మీంచి ఒకసారి వెనక్కి చూసేది. చూడగానే గెంతు చెడేది.

"వెనక్కి చూడకు. చూశావో, భుజం తెరుచుకుంటుంది, గెంతు పోతుంది," అని పెద్దక్క ఆ పిల్ల భుజం పట్టుకుని బిగించి చూపించింది.

"ఎవరన్నా ఉంటేనో అక్కా?"

"ఎవరుంటారు? పట్టీ నీ నడుముకుంటే ఆ మూల నీది. పాట మోగుతుంటే అక్కడికి ఎవరూ రారు. నన్ను నమ్ము."

గువ్వ నమ్మింది. ఆ తరవాత ఎప్పుడూ వెనక్కి చూడలేదు. లట్జ్ అద్భుతంగా కుదిరింది. మేడం గోడ దగ్గర నిలబడి చేతిలో చెయ్యి వేసుకుని నొక్కుకోవడం పెద్దక్క చూసింది. ఏదైనా మరీ నచ్చితే ఆవిడ అలా చేస్తుంది. తన ఆటకి ఆవిడ అలా చేసి ఎన్నేళ్ళయిందో గుర్తుచేసుకోబోయి, గుర్తు రాక మానుకుంది.

ఎంపిక పోటీ ఇంకా రెండు వారాలుందనగా ఆ ఉదయం వచ్చింది.

ముందు పెద్దక్క పాట. పట్టీ కట్టుకుని మొదలుపెట్టింది. మొదటి గెంతులోనే పడింది. లేచింది. తరవాతిది మూడు చుట్లు తిరగాల్సింది రెండే తిరిగింది. ఆమెకి మోకాలి నొప్పి కంటే ఎక్కువగా తెలిసింది వేరొకటి. పడ్డప్పుడు మేడం నుంచి ఒక్క మాటా రాలేదు. లేస్తూ అటు చూసింది. మేడం గోడ మీదికి వంగి గువ్వ స్కేటు తాడు బిగిస్తోంది. ఇటు చూడనే లేదు. తిట్టినా బాగుండేది. మేడం తిడుతోందంటే ఇంకా ఆశ ఉన్నట్టు. పాట అయిపోయింది. చప్పట్లు కొట్టే అలవాటు ఆ రింకులో ఉంది, పిల్లలు కొట్టారు. అవి పడకపోతే ఇంకొంచెం గౌరవంగా ఉండేది.

ఆమె ఊపిరి కోసం నడుం మీద చేతులు పెట్టుకుని గోడ వెంబడి నెమ్మదిగా జారుతూ పోయింది. ఆ చేతుల కింద పట్టీ ఉంది. విప్పాలి, విప్పి గువ్వకివ్వాలి. గువ్వ మధ్యలోకొచ్చి నిలబడింది. పట్టీ అడగడానికి మొహమాటం. మేడం వైపు చూసి తన నడుం మీద చెయ్యి పెట్టి సైగ చేసింది. మేడం కూతురి వైపు చూసింది. కూతురి మొహం ఎలా ఉందో ఆవిడకి అక్కణ్ణించే కనబడి ఉండాలి. ఇప్పుడు అరిచి పట్టీ విప్పించడం ఆవిడకి ఇష్టం లేకపోయింది. పర్లేదు, కానివ్వు అని చేత్తో ఊపింది. పాట మొదలైంది.

వయొలిన్ మొదటి స్వరం వినగానే పెద్దక్క ఒళ్ళు దానంతటదే ఆ పాటలోకి వెళ్ళిపోయింది. ఆ అడుగులన్నీ ఆమె కాళ్ళలో ఇంకా ఉన్నాయి. చూడక్కర్లేదు, ఇప్పుడు గువ్వ ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఇప్పుడు అడ్డంగా దాటుతోంది. ఇప్పుడు ఒంటికాలి మీద తిరుగుతోంది. ఇప్పుడు చేతులు తెరిచింది, తను నేర్పిన చేతులు. పెద్దక్క జారుతూ జారుతూ దూరపు మూలకి చేరింది. అక్కడ ఆగింది.

మిగతా పిల్లలు ఎర్ర పట్టీ చూసి ఆమె నుంచి దూరంగా తప్పుకున్నారు. గువ్వ వెనక్కి వెనక్కి వస్తోంది. వయొలిన్ పైకి వెళుతోంది. పక్కకి ఒక్క అడుగు వేస్తే చాలు. ఆ రింకులోనే కాదు, ఈ భూమ్మీద ఆ పిల్ల ఆ క్షణంలో ఎక్కడికి వస్తుందో అంత కచ్చితంగా తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. ఆమెకి ఆ పిల్లని పడేయాలని లేదు. దెబ్బ తగలాలని అంతకన్నా లేదు. ఆమె బుర్రలో ఉన్నదల్లా ఒకటే మాట. ఈ మూల నాది. ఎవరికోసమూ కదలను.

వయొలిన్ ఆగింది.

తరవాత జరిగిందాన్ని చెప్పడానికి ఏముంది? ఒకరి మీద ఒకరు పడ్డారు. గువ్వ కాలు పెద్దక్క కింద మెలిపడి ఉంది. ఆ చప్పుడు మేడం దాకా వినబడిందట. పెద్దక్కకి అరచెయ్యి తెగింది, తుంటి కమిలింది, అంతే. గువ్వ ఏడవలేదు. మొహం తెల్లగా పాలిపోయి, మంచు మీద వెల్లకిలా పడుకుని, "పాట ఆపొద్దని చెప్పండి, లేస్తా," అంది. లేవలేకపోయింది.

ఆస్పత్రిలో మోకాలి కింద ఎముక రెండుగా విరిగిందన్నారు. లోపల ఏవో బిగించి కట్టారు. ఎముక అతుక్కుంటుంది, నడుస్తుంది, సందేహం లేదన్నాడు డాక్టరు. మళ్ళీ గెంతగలదా అని వాళ్ళ నాన్న అడిగితే చూద్దామన్నాడు. డాక్టర్లు చూద్దామంటే దేన్ని చూద్దామంటారో అందరికీ తెలుసు, వింటున్నవాళ్ళకే తెలియనట్టుంటుంది.

స్కేటింగ్ సంఘం నుంచి ఒకాయన వచ్చి విచారించాడు. పట్టీ ఎవరి నడుముకుంది అని పిల్లల్ని ఒక్కొక్కరినే అడిగాడు. పెద్దక్క నడుముకి అని అందరూ చెప్పారు. అబద్ధం కాదు కదా. పట్టీ ఉన్నవాళ్ళకి తప్పుకోవాల్సింది లేనివాళ్ళు. పెద్దక్కది పొరపాటేం లేదు, ప్రమాదవశాత్తూ జరిగిందని తేల్చేశాడు. పోతూ పోతూ, మీరు గుండె దిటవు చేసుకోండమ్మా, ఇప్పుడు దేశానికి మీరొక్కరే దిక్కు అని కూడా అన్నాడు. పాట ఉన్నవాళ్ళ కోసం పెట్టిన నియమం పెద్దక్కని కాపాడింది. రింకులో అందరూ ఆమెనే ఓదార్చారు. బండి పెద్దాయన ఆమె తెగిన చెయ్యి చూసి అయ్యయ్యో అన్నాడు. ఎవరైనా ఒక్కరు, నీకు ఆ పాట తెలియదా అని అడుగుతారేమోనని ఆమె రోజూ ఎదురు చూసింది. అడిగితే చచ్చిపోతాననుకుంది. అడక్కపోతే ఇంకెలాగో చచ్చిపోయేలా ఉంది.

నాలుగు రోజులయ్యాక అమ్మ కారులో ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. గువ్వ మంచం మీద కాలు ఎత్తుగా కట్టి ఉంది. గువ్వ నాన్న బస్సు యూనిఫారంలోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెద్దక్కని చూడగానే లేచి నిలబడి ఆ కుర్చీ ఆమెకి జరిపాడు.

"మీకు తగిలి ఆగబట్టి సరిపోయిందమ్మా. లేకపోతే తల పోయి గోడకి కొట్టుకునేదని అందరూ అంటున్నారు," అని చేతులు జోడించాడు.

పెద్దక్క కూర్చోలేదు. ఆ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. గువ్వ తండ్రిని మంచినీళ్ళు తెమ్మని బయటికి పంపింది. దానికి కావాల్సింది నీళ్ళు కాదు. తండ్రి ముందు చెప్పడం సిగ్గు.

"అక్కా, మీ చెయ్యి ఎలా ఉంది? నాదే తప్పక్కా. పట్టీ మీ నడుముకుందని చూస్తూనే మొదలుపెట్టేశా. వెనక్కి చూడొద్దన్నారని చూడలేదు గానీ, ఆ రోజొక్క రోజూ చూసుకోవాల్సింది. పోటీ ముందు మీకే పెద్ద దెబ్బ తగిలుంటే? నాకు నిద్ర పట్టట్లేదక్కా. నన్ను క్షమిస్తారా?"

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. పెద్దక్కకి వీపు వెనక ఆ నిలబడటం తెలుస్తోంది. చెప్పెయ్యడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. నీది కాదే తల్లీ తప్పు, నేను వింటూనే ఉన్నాను, నువ్వొస్తున్నావని తెలిసే నిలబడ్డాను. అంతే, నాలుగు మాటలు. నోరు తెరిచింది. సంఘం ఆయన మాట, బీరువాలో కోటు, పది రోజుల్లో ఉన్న పోటీ, ఇవన్నీ ఆ మాటలకి అడ్డం పడ్డాయి.

"పర్లేదులే," అంది. "ఇకమీదట జాగ్రత్తగా ఉండు."

గువ్వ మొహం తేలికపడింది. నవ్వింది కూడా. కాలు బాగయ్యాక ఆ పాట మళ్ళీ నాకే ఇస్తారా అని అడిగింది. నీదేనంది పెద్దక్క. విరగ్గొట్టిన మనిషి క్షమించింది, విరిగిన మనిషి సంతోషపడింది. ఇంతకంటే నీచమైన పని తన జన్మలో చెయ్యలేదని పెద్దక్కకి ఆ క్షణమే తెలుసు. తెలిసీ ఆ పిల్ల తల నిమిరి వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు కూడా అమ్మే కారు నడిపింది. ఒక సిగ్నల్ దగ్గర ఆగాక రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"పాట వినబడలేదా నీకు?"

"వినబడింది."

పచ్చ లైటు పడింది. వెనక వాళ్ళు హారన్ కొట్టేదాకా అమ్మ బండి కదపలేదు. కదిపాక, రేపటి నుంచి పెందరాళే వెళదాం, మోకాలికి పట్టు వేసుకోవడం మర్చిపోకు అంది. మేడం గొంతుతో అంది. ఆ రోజు నుంచీ ఇంట్లో కూడా అదే గొంతు. పట్టీ విప్పించకుండా కానివ్వమన్నది తనేనని ఆవిడ ఎవరితోనూ అనలేదు. తిలాపాపం తలా పిడికెడన్నారు, తల్లి తన పిడికిలి బిగించి పట్టుకుంది, కూతురు తనది. అన్నం దగ్గర ఎదురెదురుగా కూర్చుని మోకాళ్ళ గురించీ బ్లేడ్ల పదును గురించీ మాత్రమే మాట్లాడుకున్నారు. బుజ్జీ అన్న పిలుపు ఆ ఇంట్లో వినబడలేదు.

సాధన మాత్రం ఎన్నడూ లేనంత బాగా సాగింది. లోపల ఏమీ మిగలని మనిషికి భయం కూడా మిగలదు కాబోలు. పెద్దక్క పడటం మానేసింది. అయితే ఒక అలవాటు వచ్చింది. పాట అయిన మరుక్షణం, మంచు మీద ఆగీ ఆగకముందే, పట్టీ పీకి పక్కవాళ్ళ చేతిలో కుక్కేసేది. అది చూసి చిన్నపిల్లలు నవ్వుకునేవారు.

ఎంపిక పోటీ వేరే ఊళ్ళో, ఆ రింకు కంటే ఎన్నో రెట్లు పెద్దదాంట్లో. జనం నిండిపోయారు. అందరికీ కథ తెలుసు. ఎన్నేళ్ళుగానో ఎదురు చూసిన పెద్దక్క, దెబ్బ తగిలిన చిట్టి చెల్లెలు, చెల్లెలి కోసం అక్క ఆడుతోందని టీవీవాళ్ళు తెగ వాయించేశారు. ఆమె మంచు మీదికి రాగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేడం గోడ దగ్గర ఆమె రెండు చేతులూ పట్టుకుని, "భుజం," అని ఒక్క మాటంది.

పోటీలో పట్టీ ఉండదు. ఎందుకుంటుంది? మంచంతా ఒక్కళ్ళదే. తప్పుకోవడానికి ఇంకో మనిషే ఉండదు. ఒకే ఒక్క మనిషి, ఆ మనిషి పాట.

పెద్దక్క పాట మొదలైంది. అది వయొలిన్ పాట కాదు, ఆ ఏడాది తన కోసం తయారు చేసింది. మొదటి గెంతు బాగా కుదిరింది. స్పిన్‌లో జనం ఊపిరి బిగబట్టి చూశారు. కాళ్ళు మాట వింటున్నాయి, చేతులు తేలిపోతున్నాయి. కోటు వేసుకుని ఆ పెద్ద మంచు మీద నిలబడటం ఇక చేతికందేంత దూరంలో ఉంది. ఆమె మలుపు తిరిగి, దూరపు మూలకి వీపు పెట్టి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. భుజం బిగించి ఉంచింది. బ్లేడు పళ్ళు మంచుకి తగలబోయే క్షణంలో మెడ తిరిగింది. ఆమె తిప్పలేదు, అదే తిరిగింది.

మూల ఖాళీగా ఉంది. తెల్లటి మంచు, తెల్లటి గోడ, అంతే.

భుజం తెరుచుకుంది. మూడు చుట్లు తిరగాల్సింది ఒక్కటే తిరిగి దిగింది. జనం అయ్యో అన్నారు. ఇంకా ఒక లట్జ్ ఉంది, అది కుదిరితే చోటు దక్కుతుంది. వెనక్కి చూడకు అని ఆమె పైకే అనుకుంది, పెదాలు కదలడం కెమెరాలో కనబడింది. మళ్ళీ అదే మూల. మళ్ళీ చూసింది. ఈసారి పడిపోయింది.

చోటు ఎవరూ లెక్కలో పెట్టని మూడో అమ్మాయికి పోయింది. గొప్ప ఆటేం కాదు, పడకుండా చేసిందంతే. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటే ఇదే. ఆ అమ్మాయి నమ్మలేక రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది.

మార్కుల కోసం కూర్చునే బల్ల దగ్గర మేడం పెద్దక్క భుజాల మీద రోజూ వేసుకునే పాత స్వెట్టరు కప్పింది. ఎందుకు చూశావని అడగలేదు. బోర్డు మీద అంకెలు పడ్డాయి. ఆవిడ వాటి వంక చూడకుండా, కూతురి తెగిన అరచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, మచ్చ మీద వేలితో రాస్తూ, "పద బుజ్జీ, ఇంటికెళదాం," అంది. రింకు గుమ్మం లోపల ఆవిడ ఆ పేరు పిలవడం అదే మొదటిసారి. పెద్దక్కకి ఏడుపు రాలేదు. ఇక రాదేమో కూడా.

బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేరు. కింద పరిచిన రబ్బరు పట్టాల మీద మంచు కరిగి నీళ్ళు నిలిచాయి. సంచిలోంచి ఫోను తీస్తే గువ్వ పంపిన మెసేజీ ఉంది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేశానని, నాన్నా నేనూ టీవీ ముందు కూర్చుని చూశామని, నాన్న ఏడ్చాడని రాసింది. ఆ కింద ఇంకో ముక్క.

"అక్కా, మీరు వెనక్కి ఎందుకు చూశారు? అక్కడెవరూ ఉండరని మీరే కదా నాకు చెప్పింది. వచ్చేసారి చూడకండి."

పెద్దక్క దాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. జవాబు కోసం వేలు పెట్టి, ఒక మాట రాసి, చెరిపేసింది. ఆ తరవాత ఫోను బోర్లా పెట్టి, వంగి, స్కేట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టింది.